చట్టం మారింది, లెక్క తేలలేదు: అపార్థీడ్ తర్వాతి నవలలు మనకేం చెబుతున్నాయి?

దక్షిణాఫ్రికా రాజ్యాంగంలో ఆరో సెక్షన్ భాషల గురించి చెబుతుంది. అధికార భాషలతో పాటు, దేశంలో జనం వాడే ఇతర భాషలకు కూడా గౌరవం దక్కేలా చూడాలని అందులో ఉంది. ఆ జాబితాలో గుజరాతీ, హిందీ, తమిళం పక్కన తెలుగు ఉంది, ఉర్దూ ఉంది. ప్రార్థనల్లో వాడే భాషల వరుసలో అరబీ కూడా ఉంది. 1996లో తయారై 1997 ఫిబ్రవరి 4 నుంచి అమల్లోకి వచ్చిన ఆ రాజ్యాంగంలో మన ఇళ్లలో మాట్లాడే రెండు భాషలూ ఒకే వరుసలో ఎలా చేరాయి?

ఆ రెండు భాషలూ సముద్రం మీద కూలీలతో, వ్యాపారులతో వెళ్లాయి. అలా వెళ్లినవాళ్ల పిల్లలు, మనవలు అక్కడ అపార్థీడ్ అనే వర్ణవివక్ష చట్టాల కింద నలిగారు. 1994లో ఆ పాలన పోయింది. తర్వాత వచ్చిన నవలలు ఒక పెద్ద ప్రశ్నను పట్టుకున్నాయి. అన్యాయం చేసిన చట్టం రద్దయింది, సరే. కానీ ఆ చట్టం వల్ల పోయిన భూమి, పోయిన ప్రాణం, పోయిన పరువు సంగతేంటి? ఆ బాకీ ఎవరు తీర్చాలి? తప్పు ఒప్పుకుంటే సరిపోతుందా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని మన కుటుంబాలకు ఈ నవలలు దూరం అనిపించవచ్చు. కొంచెం దగ్గరికెళ్లి చూస్తే అంత దూరం కాదని తెలుస్తుంది.

గిర్మిట్ మీద వెళ్లినవాళ్లు

1860 నవంబర్ 16న 'ట్రూరో' అనే ఓడ డర్బన్ రేవు చేరింది. మద్రాసు నుంచి బయల్దేరిన ఆ ఓడలో 342 మంది ఉన్నారు. నేటాల్‌లో ఇంగ్లీషువాళ్ల చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద వెళ్లిన మొదటి జట్టు అది. 'అగ్రిమెంట్' అనే మాట వాళ్ల నోట్లో 'గిర్మిట్' అయింది. ఐదేళ్ల ఒప్పందం. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగుల జీతం, తర్వాత ఏడాదికో షిల్లింగు పెంపు. 1911లో ఈ పద్ధతి ఆగిపోయే నాటికి 152,184 మంది అలా వెళ్లారు. వాళ్లలో సుమారు మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవు నుంచి ఓడెక్కినవాళ్లే.

ఆ ఓడల రికార్డుల్లో విశాఖపట్నం జిల్లా పేరు కనిపిస్తుంది. అప్పటికి విజయనగరం ఆ జిల్లాలోనే ఉండేది. శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. కాబట్టి ఆ పాత కాగితాల్లో నేటి జిల్లాల పేర్లు వెతికితే దొరకవు. కరువొస్తే, అప్పు మీద పడితే 'రంగం' వెళ్లడం, అంటే రంగూన్ వెళ్లడం, ఉత్తరాంధ్రకు తెలిసిన దారి. నేటాల్ దారి ఇంకా దూరం. వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. అక్కడి తెలుగువాళ్లు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. కూలీగా వెళ్లి 1894లో అక్కడే కన్నుమూసిన బాద్‌షా పీర్ దర్గాకు డర్బన్‌లో ఇప్పటికీ జనం వెళ్తారు. కూలీల వెనకే గుజరాత్ నుంచి సొంత ఖర్చుతో ముస్లిం వ్యాపారులూ వెళ్లారు. 1893లో గాంధీని వకీలు పని మీద పిలిపించుకున్న దాదా అబ్దుల్లా ఆ కోవలోని వ్యాపారి.

ఒప్పందం అయిపోయాక ఉండిపోయినవాళ్ల మీద 1895 చట్టంతో మూడు పౌండ్ల పన్ను వేశారు. నెలకు పది, పన్నెండు షిల్లింగులు చూసిన మనిషికి ఏడాదికి మూడు పౌండ్లంటే ఐదారు నెలల సంపాదన. పన్ను కట్టలేకపోతే మళ్లీ తోటలోకే పోవాలి. అంతా చట్టప్రకారమే జరిగింది. చట్టప్రకారం జరిగే అన్యాయం ఎలా ఉంటుందో మనవాళ్లు అక్కడ మొదట చూసింది ఇలాగే.

అపార్థీడ్ అంటే ఏంటి?

1948లో నేషనల్ పార్టీ గెలిచాక పాత వివక్షకు పూర్తి చట్టరూపం వచ్చింది. 1950లో జనాభా నమోదు చట్టం ప్రతి మనిషికీ ఒక జాతి ముద్ర వేసింది. శ్వేతజాతి, నల్లజాతి, మిశ్రమ సంతతి అనే 'కలర్డ్', తర్వాత విడిగా భారతీయులు. అదే ఏడాది వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టం ఎవరు ఎక్కడ ఉండాలో నిర్ణయించింది. జాతులు దాటి పెళ్లి చేసుకోవడం 1949 నుంచే నేరం. భూమి సంగతి అంతకంటే పాతది. 1913 భూచట్టం దేశంలో ఎక్కువమందిగా ఉన్న నల్లజాతివారికి సుమారు 7 శాతం భూమి మాత్రమే వదిలింది. 1936లో దాన్ని 13 శాతం దాకా పెంచారు.

ఇందులో భారతీయుల స్థానం నిచ్చెన మధ్య మెట్టు. పైన తెల్లవారు, కింద నల్లవారు. పైమెట్టు మీదున్నవాడు తొక్కుతాడు, కిందమెట్టు కంటే తమది కాస్త నయం. ఈ మధ్యమెట్టు మనస్తత్వం అక్కడి భారతీయ రచయితలను చాలాకాలం వేధించింది. మనకు పనికొచ్చే పాఠం ఎక్కువగా అక్కడే ఉంది.

1990 ఫిబ్రవరి 11న నెల్సన్ మండేలా జైలు నుంచి బయటికొచ్చారు. 1994 ఏప్రిల్‌లో అందరూ ఓటేసిన మొదటి ఎన్నికలు జరిగాయి. అధికారం మారింది. భూమి, బ్యాంకు, తోట, కంపెనీ మాత్రం ఎక్కువగా పాత చేతుల్లోనే ఉండిపోయాయి.

నిజం చెబితే మాఫీ

కొత్త ప్రభుత్వం ఒక మార్గం ఎంచుకుంది. 1995 చట్టంతో సత్య, సయోధ్య కమిషన్ పెట్టారు. ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టూటూ దాని చైర్మన్. 1996 ఏప్రిల్‌లో విచారణలు మొదలయ్యాయి. రాజకీయ కారణాలతో నేరం చేసినవాళ్లు మొత్తం నిజం బయటపెడితే శిక్ష నుంచి మాఫీ దొరుకుతుంది. బాధితులు తమ బాధను అందరి ముందూ చెప్పుకోవచ్చు. మాఫీ కోసం 7,112 దరఖాస్తులు వచ్చాయి, 849 మందికి దొరికింది. బాధితులకు పరిహారం చాలా ఆలస్యమైంది. చివరికి 2003లో ఒకసారికి 30,000 ర్యాండ్ల చొప్పున ఇవ్వాలని ప్రభుత్వం ప్రకటించింది.

ఈ పద్ధతిని మెచ్చుకున్నవాళ్లున్నారు. రక్తపాతం లేకుండా దేశం నిలబడిందన్నారు. తిట్టినవాళ్లూ ఉన్నారు. మాఫీ అడిగి తీసుకోనివాళ్ల మీద కూడా కేసులు పెద్దగా నడవలేదు. బాధితులకు నిజం దొరికింది, న్యాయం దొరకలేదు. కొందరికి నిజం కూడా దొరకలేదు.

ముస్లిం పాఠకులకు తెలియాల్సిన రెండు పేర్లు ఇక్కడ చెప్పాలి. కేప్‌టౌన్ ఇమామ్ అబ్దుల్లా హారూన్‌ను 1969 మేలో పోలీసులు పట్టుకున్నారు. 123 రోజుల నిర్బంధం తర్వాత సెప్టెంబర్ 27న ఆయన చనిపోయారు. మెట్ల మీంచి పడ్డారని పోలీసులు చెప్పారు. పోలీసుల చిత్రహింసలే ఆయన మరణానికి కారణమని కోర్టు తేల్చింది 2023 అక్టోబర్‌లో. ఉపాధ్యాయుడు అహ్మద్ తిమోల్ 1971 అక్టోబర్ 27న జోహన్నెస్‌బర్గ్ పోలీస్ భవనం పదో అంతస్తు నుంచి పడి చనిపోయారు. ఆత్మహత్య అని 1972లో రాసేశారు. అది హత్య అని 2017 అక్టోబర్‌లో జడ్జి తేల్చారు. ఆ తర్వాత ఒక మాజీ పోలీసు అధికారి మీద హత్య కేసు పెట్టారు, విచారణ మొదలవకముందే 2021లో ఆయన చనిపోయాడు. ఒక కుటుంబం 46 ఏళ్లు, ఇంకో కుటుంబం 54 ఏళ్లు ఎదురుచూసింది, అదీ ఒక్క నిజమైన వాక్యం కోసం.

నవలలు ఈ ఎదురుచూపులోంచి వచ్చాయి.

'డిస్‌గ్రేస్': ఒప్పుకుంటాను, పశ్చాత్తాపం మాత్రం అడగకండి

జె.ఎం. కుట్సీ రాసిన 'డిస్‌గ్రేస్' 1999లో వచ్చింది, ఆ ఏడాది బుకర్ గెలిచింది. కుట్సీకి అది రెండో బుకర్. 2003లో నోబెల్ వచ్చింది. కథ మొత్తం ఒక తెల్ల ప్రొఫెసర్ చుట్టూ తిరుగుతుంది. పేరు డేవిడ్ లూరీ, వయసు 52. తన విద్యార్థిని మెలనీ ఐజాక్స్‌ను లొంగదీసుకుంటాడు. ఆమె ఫిర్యాదు చేస్తుంది. విశ్వవిద్యాలయం విచారణ కమిటీ వేస్తుంది.

ఆ కమిటీ సీను ఈ నవలకు గుండెకాయ. లూరీ వెంటనే నేరం ఒప్పుకుంటాడు. ఏం రాయమంటే అది రాసుకోండి అంటాడు. కమిటీకి అది చాలదు. సభ్యుల్లో ఫారోదియా రసూల్ అనే ఆవిడ గట్టిగా పట్టుబడుతుంది. ఈ మనిషి నోటితో ఒప్పుకుంటున్నాడు, ఆ అమ్మాయికి ఏం చేశాడో చెప్పడం లేదు, ఇలాంటి దోపిడీకి ఎంత పాత చరిత్ర ఉందో అసలు ఎత్తడం లేదు అన్నది ఆమె అభ్యంతరం. లూరీ సమాధానం ఏంటంటే, చట్టానికి కావాల్సింది నేరం ఒప్పుకోవడం, అది చేశాను, నా మనసులో ఏముందో మీకెందుకు? ఉద్యోగం పోతుంది.

ఆ కమిటీ గదిని సత్య కమిషన్‌కు నీడగా చాలామంది విమర్శకులు చదివారు. రచయిత ఎవరి పక్షమూ పూర్తిగా తీసుకోడు. మనసులోని పశ్చాత్తాపాన్ని కొలిచే కమిటీని అనుమానంగా చూపిస్తాడు. అదే సమయంలో లూరీ పొగరునూ దాచడు.

తర్వాత లూరీ తూర్పు కేప్‌లో ఉన్న కూతురు లూసీ పొలానికి వెళ్తాడు. అక్కడ ముగ్గురు నల్లజాతి మగవాళ్లు ఇంట్లో జొరబడి ఆమెపై అత్యాచారం చేస్తారు. వాళ్లలో ఒకడు పొరుగున ఉండే పెట్రస్ అనే రైతుకు బంధువు. నిన్నటిదాకా లూసీ దగ్గర పనిచేసిన పెట్రస్ ఇప్పుడు భూమి యజమాని అవుతున్నాడు. లూసీ పోలీసులకు దొంగతనం గురించే చెబుతుంది, అత్యాచారం గురించి చెప్పదు. ఊరు విడిచిపోదు. ఈ నేల మీద ఉండాలంటే కట్టాల్సిన కిరాయి ఇదేనేమో అన్నట్టు మాట్లాడుతుంది. చివరికి భూమిని పెట్రస్‌కు వదిలి, అతని నీడలో ఉండటానికి ఒప్పుకుంటుంది.

ఈ పుస్తకం మీద పెద్ద గొడవైంది. 2000లో పాలక పార్టీ ఏఎన్‌సీ, మీడియాలో జాతి వివక్షపై మానవ హక్కుల సంఘం జరిపిన విచారణకు ఇచ్చిన నివేదికలో ఈ నవలను ప్రస్తావించింది. తెల్లవాళ్ల మనసులో నల్లవాళ్ల మీద ఉన్న భయం ఇందులో కనిపిస్తోందన్నది దాని మాట. ఆ ఆక్షేపణలో బలం ఉంది. పెట్రస్ మనసు పాఠకుడికి ఎక్కడా తెరుచుకోదు. మెలనీ మాట కూడా దాదాపు వినపడదు. అంతా లూరీ కళ్లతోనే చూస్తాం. నవల పక్షాన చెప్పాల్సింది కూడా ఉంది. తాతలు చేసిన అన్యాయానికి మనవరాలి శరీరం జరిమానా కట్టడం న్యాయమేనా అని అది అడుగుతుంది. ఒక ఆడపిల్ల మీద జరిగిన దౌర్జన్యంతో ఏ చరిత్ర బాకీ తీరుతుంది? తీరదు. లూసీ నిర్ణయం అందుకే పాఠకుడికి మింగుడుపడదు.

ఇక్కడ మన ఇళ్లలో తెలిసిన ఒక మాట గుర్తొస్తుంది. తౌబాకు ఉలమా చెప్పే షరతులు ఉన్నాయి: పాపం వదిలేయడం, సిగ్గుపడటం, మళ్లీ చేయనని నిశ్చయించుకోవడం. అవతల మనిషి హక్కు అందులో ఉంటే ఇంకోటి కూడా. ఆ హక్కు తిరిగి ఇవ్వాలి, లేదా ఆ మనిషితోనే మాఫీ చేయించుకోవాలి. హుకూకుల్ ఇబాద్ అంటే అదే. లూరీ మొదటి మెట్టు దగ్గరే ఆగాడు. చాలా ఆలస్యంగా మెలనీ ఇంటికి వెళ్లి తల్లి ముందు, చెల్లెలి ముందు నేలకు తల ఆనిస్తాడు. ఆమె తండ్రి అడిగే ప్రశ్న అక్కడ పదునైనది. సారీ చెప్పావు, సరే. ఇప్పుడు ఏం చేయబోతున్నావు?

'బిటర్ ఫ్రూట్': ఒక ముస్లిం ఇంటిపేరు, ఒక చేదు నిజం

అఖ్మత్ డాంగోర్ 1948లో జోహన్నెస్‌బర్గ్‌లో పుట్టారు, 2020లో చనిపోయారు. తర్వాతి రోజుల్లో నెల్సన్ మండేలా ఫౌండేషన్‌కు అధిపతిగా పనిచేశారు. ఆయన నవల 'బిటర్ ఫ్రూట్' 2001లో వచ్చి, 2004లో బుకర్ తుది జాబితాకు చేరింది.

సైలస్ అలీ కొత్త ప్రభుత్వంలో న్యాయశాఖ అధికారి, సత్య కమిషన్ వ్యవహారాలు చూస్తాడు. ఒకరోజు బజారులో డ్యూబాయిస్ అనే మాజీ పోలీసు కనిపిస్తాడు. దాదాపు ఇరవై ఏళ్ల కిందట సైలస్‌ను వ్యానులో బంధించి, అతనికి వినపడేంత దూరంలో అతని భార్య లిడియాపై అత్యాచారం చేసినవాడు. ఇన్నేళ్లూ ఆ విషయం భార్యాభర్తల మధ్య మాట్లాడుకోకుండానే ఉండిపోయింది. ఇప్పుడు ఆ పోలీసు మాఫీకి దరఖాస్తు పెట్టాడు.

దేశం మొత్తాన్ని నిజం చెప్పమని అడిగే శాఖలో పనిచేసే మనిషి, తన ఇంట్లో ఆ నిజం ఎత్తలేకపోతాడు. లిడియా కమిషన్ ముందు నిలబడి తన బాధను అందరికీ చూపించడానికి ఒప్పుకోదు. ఆమె అభిప్రాయం తేలిగ్గా కొట్టేయలేం. నా బాధ దేశం కన్నీళ్లు పెట్టుకోవడానికి పనికొస్తుంది, నాకేం వస్తుంది? కొడుకు మైకీ తల్లి డైరీ చదువుతాడు. తాను ఆ రాత్రికి పుట్టిన బిడ్డనని తెలుసుకుంటాడు. తాత మతమైన ఇస్లాం వైపు తిరుగుతాడు. తాత హిందుస్థాన్ నుంచి వచ్చినవాడు. చెల్లెలిని చెరిచిన ఇంగ్లీషు అధికారిని చంపి పారిపోయి వచ్చాడన్నది ఆ కుటుంబ కథ. చివరికి మైకీ తుపాకీ పడతాడు.

ముస్లిం పాఠకులు ఇక్కడ ఆగి చదవాలి. మైకీ మసీదుకు వెళ్లడానికీ, పగ తీర్చుకోవడానికీ నవల కలిపిన ముడి కొందరికి నచ్చకపోవచ్చు, దాని మీద వాదించవచ్చు కూడా. అయితే డాంగోర్ చూపిన కారణాల వరుస స్పష్టంగా ఉంది. న్యాయం చేయాల్సిన కోర్టు మాఫీ చేతిలో పెడుతుంది. నోరు విప్పాల్సిన తండ్రి మౌనంగా ఉంటాడు. ఆ ఖాళీలో ఒక కుర్రాడు తానే జడ్జి అవుతాడు. వలస పాలన నాటి గాయం హిందుస్థాన్‌లో ఒకసారి, ఆఫ్రికాలో ఇంకోసారి అదే ఇంట్లో తగులుతుంది. రెండుసార్లూ బలైంది ఆడవాళ్లు. వాళ్లను అడగకుండానే మగవాళ్లు లెక్క సరిచేయబోయారు. లిడియా చివర్లో ఎవరి కథలోనూ ఉండకుండా కారెక్కి వెళ్లిపోతుంది.

మధ్యమెట్టు మీదున్నవాళ్ల లెక్క

భారతీయ సంతతి రచయితలు తమవాళ్లను అమాయకులుగా మాత్రమే చూపించి ఊరుకోలేదు. అజీజ్ హసీమ్ 2002 నవల 'ద లోటస్ పీపుల్' డర్బన్ గ్రే స్ట్రీట్ ముస్లిం వ్యాపార కుటుంబాల కథ. దుకాణం నిలబడాలా, పోరాటంలో దిగాలా అన్న గొడవ ఒకే ఇంట్లో తరాల మధ్య నడుస్తుంది. రోనీ గోవెండర్ 1996లో తెచ్చిన కాటో మేనర్ కథల్లో, గ్రూప్ ఏరియాస్ చట్టం కూల్చేసిన పేట మళ్లీ బతుకుతుంది.

కాటో మేనర్ పేరు ఎత్తితే 1949 జనవరి తలచుకోక తప్పదు. ఆ నెలలో డర్బన్‌లో నల్లజాతివారికీ భారతీయులకూ మధ్య జరిగిన అల్లర్లలో 142 మంది చనిపోయారు. చనిపోయినవాళ్లలో ఆఫ్రికన్లే ఎక్కువ, భారతీయులు దాదాపు 50 మంది. కారణాల్లో భారతీయ దుకాణదారులు, బస్సు యజమానులు, ఇళ్ల యజమానులపై కిందివాళ్లకున్న కోపం ఒకటి. ఇద్దరినీ ఒకరి మీదకొకరిని నెట్టిన తెల్ల పాలన ఇంకోటి. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఇంకోటి దాస్తే చరిత్ర సగమే అవుతుంది.

1984లో తెల్ల ప్రభుత్వం భారతీయులకూ కలర్డ్‌లకూ విడి సభలిచ్చింది, నల్లవారికి ఇవ్వలేదు. భారతీయుల్లో ఎక్కువమంది ఆ ఎన్నికలను బహిష్కరించారు. మధ్యమెట్టు ఎర వేస్తే పట్టుకోని రోజు కూడా అది. ఈ రచనలు ఆ రెండు రకాల మనుషులనూ చూపిస్తాయి.

'ద పికప్': పాస్‌పోర్టు చేతిలో ఉన్నవారిదే బలం

1991లో నోబెల్ గెలిచిన నదీన్ గార్డిమర్ 2001లో 'ద పికప్' రాశారు. జూలీ అనే తెల్ల ధనిక అమ్మాయి కారు చెడిపోతుంది. బాగుచేసిన మెకానిక్ కాగితాలు లేకుండా ఉంటున్న అరబ్ ముస్లిం, అసలు పేరు ఇబ్రహీం ఇబ్న్ ముసా. అతన్ని దేశం నుంచి పంపేస్తారు. జూలీ పెళ్లి చేసుకుని అతనితో అతని ఎడారి ఊరికి వెళ్తుంది. అత్త, ఆడబిడ్డలతో కలిసి ఉంటూ, పిల్లలకు ఇంగ్లీషు చెబుతూ అక్కడే కుదురుకుంటుంది. అతనేమో ఆ ఊరి నుంచి ఎలా బయటపడాలా అని ఎంబసీల చుట్టూ తిరుగుతుంటాడు. చివరికి అమెరికా వీసా వస్తుంది. అతను వెళ్తాడు, ఆమె వెళ్లదు.

అపార్థీడ్ పోయాక జాతి గీత ఎక్కడికి జరిగిందో ఈ నవల చెబుతుంది. దేశం లోపలి గీత చెరిగి, సరిహద్దు దగ్గర కొత్త గీత పడింది. జూలీ ఎక్కడైనా ఉండగలదు, ఎందుకంటే ఆమె ఎప్పుడంటే అప్పుడు తిరిగి వెళ్లగలదు. ఇబ్రహీంకు ఆ వెసులుబాటు లేదు. ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి వైపు నుంచి గల్ఫ్‌కు కొడుకుల్ని పంపిన ఇళ్లలో ఈ తేడా విడమరిచి చెప్పనక్కర్లేదు.

శ్రీకాకుళం పంచాయితీ

ఈ ప్రశ్నలన్నీ ఆఫ్రికావే అనుకుంటే పొరపాటు. స్వాతంత్ర్యం వచ్చాక అధికారం మారిన తీరును, మారని తీరును మన జిల్లా రచయిత ముందే రాసిపెట్టారు. శ్రీకాకుళం జిల్లా మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు, జనం పిలిచే పేరు కారా మాస్టారు, 1960లలో 'యజ్ఞం' కథ రాశారు. అది ఉన్న సంపుటికి 1995లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో ప్రారంభించిన కథానిలయం తెలుగు కథలకు పెద్ద భాండాగారం.

'యజ్ఞం'లో ఊరి పంచాయితీ కూర్చుంటుంది. అప్పల్రాముడు అనే దళిత రైతు షావుకారుకు బాకీ ఉన్నాడు. తీర్పు చెప్పే శ్రీరాములు నాయుడు పెద్దమనిషి, మర్యాదస్తుడు. సాక్ష్యం వింటాడు, అందరినీ మాట్లాడనిస్తాడు. పత్రం ఉంది, అప్పు నిజం, కాబట్టి తీర్చాలి. పంచాయితీ న్యాయం ఎక్కడా తప్పలేదు. ఆ రైతు పొలం ఎందుకు పనికిరాకుండా పోయింది, ఊరి అభివృద్ధి ఎవరికి లాభించింది, ఎవరిని ముంచింది అన్నది మాత్రం ఆ లెక్కలో పడలేదు. తండ్రి తలొంచుతాడు. కొడుకు తన పసిబిడ్డ ఈ బాకీలో బానిసగా బతకకూడదని చేసే పని చదివినవాళ్ల ఒళ్లు జలదరిస్తుంది.

సత్య కమిషన్ గదిలో, లూరీ కమిటీ గదిలో, సుందరపాలెం పంచాయితీలో సామ్యం ఒకటుంది. నియమం ప్రకారం అందరికీ సమానంగా మాట వినిపించారు. కానీ లెక్క ఏ తేదీ నుంచి మొదలుపెట్టాలన్నది బలమున్నవాళ్లే నిర్ణయించారు. ఖాతా పుస్తకంలో ఓపెనింగ్ బ్యాలెన్స్ తప్పు వేస్తే, కింద ఎన్ని కూడికలు సరిగ్గా చేసినా మొత్తం తప్పే వస్తుంది. ఈ నవలలు, ఈ కథ ఆ మొదటి అంకె దగ్గరికి పాఠకుణ్ణి తీసుకెళ్తాయి.

విజయనగరంలో గురజాడ అప్పారావు సృష్టించిన గిరీశాన్ని కూడా ఇక్కడ తలచుకోవచ్చు. 'కన్యాశుల్కం'లో సంఘసంస్కరణ గురించి అందంగా ఉపన్యాసం ఇచ్చేవాడు అతనే, మోసం చేసేవాడూ అతనే. చదువుకున్నవాడి నోటి నీతికీ, చేతి పనికీ మధ్య దూరం ఎంతుంటుందో లూరీ కంటే చాలా ముందే ఈ జిల్లాకు తెలుసు.

మన ఇంట్లో మధ్యమెట్టు

ఇవన్నీ చదివి 'పాపం వాళ్లు' అనుకుని పుస్తకం మూసేయడం సులువు. ఉత్తరాంధ్రలో ముస్లింలు కొద్దిమంది. అద్దెకు ఇల్లు అడిగినప్పుడు, ఉద్యోగం దగ్గర పేరు చెప్పినప్పుడు ఎదురయ్యే చూపు చాలామందికి తెలుసు. అక్కడ మనది కిందమెట్టు. అదే మనం నూర్‌బాషాలను, అంటే దూదేకులవాళ్లను, ఉర్దూ రాదని తక్కువగా మాట్లాడినప్పుడు, సంబంధం అనగానే మొహం తిప్పుకున్నప్పుడు మనది పైమెట్టు. ఇంట్లో పనిచేసే మనిషికి గ్లాసు వేరుగా పెట్టినప్పుడూ అంతే. నమాజులో భుజం భుజం కలిపి నిలబడేవాళ్లు పెళ్లి మాటల దగ్గర ఎందుకు విడిపోతున్నారు? తెలుగు ముస్లిం రచయితలు ఈ ప్రశ్న వేస్తూనే ఉన్నారు. స్కైబాబ సంపాదకత్వంలో వచ్చిన 'వతన్' సంకలనంలో ముస్లిం ఇళ్ల లోపలి బతుకు చదవొచ్చు.

దెబ్బ తిన్నవాడు ఎప్పుడూ మంచివాడే అయి ఉండాలని లేదు. దక్షిణాఫ్రికా రచయితలు తమ జనం గురించి ఈ మాట ధైర్యంగా రాశారు. దాని వల్ల వాళ్ల పోరాటం విలువ తగ్గలేదు, మాటకు బరువు పెరిగింది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంగ్లీషు పుస్తకం కొత్తవాళ్లు 'ద పికప్'తో మొదలుపెట్టవచ్చు. 'డిస్‌గ్రేస్' చిన్నది, భాష తేలిక, విషయం బరువైనది. 'బిటర్ ఫ్రూట్' డిగ్రీ చదివే పిల్లలకు, పెద్దలకు సరిపోతుంది. ఈ చివరి రెండింట్లో అత్యాచారం ప్రస్తావన ఉంది కాబట్టి పెద్దవాళ్లు ముందు చదివి, ఎదిగిన పిల్లలతో కూర్చుని మాట్లాడటం మంచిది. 'యజ్ఞం' తెలుగులోనే ఉంది, ఒక్క సాయంత్రంలో చదవొచ్చు. దాన్ని మొదట చదివి తర్వాత 'డిస్‌గ్రేస్' తీస్తే, ఆ ప్రొఫెసర్ కమిటీ గది మన ఊరి రచ్చబండలాగే కనిపిస్తుంది.

ఏ పుస్తకం తీసినా మూడు ప్రశ్నలు దగ్గర పెట్టుకుంటే చాలు. ఇందులో తప్పు ఒప్పుకున్నదెవరు? పోగొట్టుకున్నవాళ్లకు తిరిగి వచ్చిందేంటి? ఎవరి మాట మనకు అసలు వినపడలేదు? 'డిస్‌గ్రేస్'లో మెలనీ మాట వినపడదు. 'యజ్ఞం'లో ఆ పసిబిడ్డకు మాటే లేదు. తిమోల్ కుటుంబం మాట వినడానికి ఒక దేశానికి 46 ఏళ్లు పట్టింది.